చిరునామా తెలిసిన బిడ్డ



సస్పెన్సు నవల అంటే మనలో ఇష్టపడనివాళ్ళు తక్కువ. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడినుంచి వచ్చేలోగా దొరికే గంటా గంటన్నరలో నవల చేతికి తీసుకున్నామంటే పొయ్యిమీద పాలు పొంగినా తెలియదు. అందులోనూ బిడ్డ తప్పిపోయిన కథ అయితే ఇక చెప్పక్కర్లేదు. వీధిలో ఆడుకుంటున్న పిల్ల మాయమవుతుంది. ఊరి చివర పాడుబడిన బంగళా, నల్లబట్టల గుంపు, అర్ధరాత్రి పూజలు, అమావాస్య గడువు. తల్లి ఏడుస్తూంటుంది, డిటెక్టివు వెతుకుతూంటాడు. సరిగ్గా కత్తి పైకి లేచే వేళకు తలుపు బద్దలవుతుంది. బిడ్డ తల్లి ఒడిలో పడుతుంది. మనమూ హమ్మయ్య అనుకుని కాఫీకి నీళ్ళు పెడతాం.

ఈవేళ నేను చెప్పబోయేదీ అలాంటి కథే. ఇందులోనూ బిడ్డ వున్నాడు, ప్రాణాలు తీసే ముఠా వుంది, అడవి వుంది, గడువూ వుంది. కాకపోతే ఇది ఎవరో కల్పించినది కాదు. 1972కూ 1978కీ మధ్య అమెరికాలోనూ, గయానా దేశంలోనూ నిజంగా జరిగింది. పాడుబడిన బంగళాకోసం వెతకవలసిన పని ఇందులో ఎవరికీ లేకపోయింది. బిడ్డ ఎక్కడున్నాడో తల్లికి తెలుసు. కోర్టుకు తెలుసు. రెండు ప్రభుత్వాలకూ తెలుసు. అయినా తెచ్చుకోలేకపోయారు. ఎందుకు తెచ్చుకోలేకపోయారన్నదే మనం తెలుసుకోవలసిన సంగతి.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో జిమ్ జోన్స్ అని ఒకాయన వుండేవాడు. 1931లో పుట్టాడు. 1950ల్లో ‘పీపుల్స్ టెంపుల్’, అంటే ప్రజల ఆలయం అనే పేరుతో ఒక ప్రార్థనామందిరం పెట్టాడు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే బల్లమీద కూర్చోడానికి వీల్లేని ఊళ్ళు ఇంకా ఎన్నో వున్న రోజులవి. జోన్స్ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఆకలన్నవాళ్ళకు అన్నం పెట్టాడు. దిక్కులేని వృద్ధులకు ఆశ్రయం ఇచ్చాడు. 1965లో తన మనుషులతో కాలిఫోర్నియాకు మకాం మార్చాడు. పదేళ్ళు తిరిగేసరికి శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో రాజకీయనాయకులు వెతుక్కుంటూ వచ్చేటంత పెద్దమనిషయ్యాడు. 1976లో ఆ నగరపు గృహవసతి సంస్థలో పదవికూడా ఇచ్చారు.

చూశారా, నల్లబట్టలూ లేవు, పుర్రెలూ లేవు. అందులో చేరినవాళ్ళను బుద్ధిలేనివాళ్ళనుకుంటే పొరపాటు. జీవితమంతా ఇళ్ళలో పనిచేసి అలిసిపోయిన నల్లజాతి ముసలమ్మలు, పిల్లల్ని మంచి దారిలో పెట్టాలనుకున్న తల్లులు, సమానత్వం మాటల్లో కాక చేతల్లో చూడాలనుకున్న కాలేజీ కుర్రవాళ్ళు, వీళ్ళే చేరారు. మనిషికి ఏది కొరతగా వుందో అది ఇచ్చే చోటికే మనిషి వెళ్తాడు. తప్పేముంది?

మొదట ఇవ్వడం, తర్వాత పుచ్చుకోవడం. ముందు జీతంలో కొంత వాటా అన్నారు. తర్వాత జీతం మొత్తం అన్నారు. ఆపైన ఇల్లు రాసిమ్మన్నారు. ప్రార్థనతో కాన్సర్ కరిగిపోయిందని చెప్పి, కోడిపేగులు చూపించి, ఇదిగో రోగం అనేవాళ్ళు. తప్పు చేశారని చిన్నా పెద్దా తేడా లేకుండా అందరి ఎదుటా కొట్టేవాళ్ళు. ఖాళీ కాగితాలమీద సంతకాలు పెట్టించుకునేవాళ్ళు. జోన్స్‌ను ఆడా మగా అందరూ నాన్నా అని పిలవాలి.

ఆ మందిరంలో గ్రేస్ స్టోయెన్, టిమ్ స్టోయెన్ అనే యువ దంపతులుండేవారు. టిమ్ చదువుకున్న లాయరు, ప్రభుత్వం తరఫున వాదించిన ప్లీడరు. వాళ్ళకు 1972 జనవరిలో మగబిడ్డ పుట్టాడు. జాన్ విక్టర్ అని పేరు పెట్టారు. బిడ్డకు పట్టుమని పదిహేను రోజులు నిండకముందే టిమ్ ఒక కాగితం మీద సంతకం చేశాడు. ఈ బిడ్డకు తండ్రిని నేను కాదు, జిమ్ జోన్స్ అని అందులో వుంది. తమ గురువు మీద తమకెంత నమ్మకముందో చాటుకునే సంతకం అది. నలుగురి పత్రాలూ చూసి, ఇక్కడ సంతకం పెట్టవద్దు సుమా అని చెప్పవలసిన లాయరు తన బిడ్డ విషయంలో ఆ పని చేశాడు. చదువు వున్నంత మాత్రాన ఈ ఊబిలో దిగబడమనుకోవడం వట్టి భ్రమ.

నవలల్లో అయితే బిడ్డను పరాయివాడు ఎత్తుకుపోతాడు. ఇక్కడ బిడ్డ పోయింది సంతకంతో. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే పిల్లవాడు కళ్ళెదుటే తిరుగుతున్నాడు కదా! నెమ్మదిగా తల్లి పక్కనుంచి తీసి మందిరంలో ఇతరుల పెంపకంలో పెట్టారు. నీ బిడ్డ నా బిడ్డ అన్న తేడా ఏమిటి, అందరి బిడ్డ అన్నారు. వినడానికి ఎంత ఉదారంగా వుందో చూడండి.

మందిరంలో జరిగే హింస చూడలేక 1976 జులైలో గ్రేస్ చాటుగా వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ బిడ్డను వెంట తీసుకుపోలేకపోయింది. బిడ్డతో సహా పారిపోతే ఇద్దరి ప్రాణాలకూ ముప్పని భయపడింది. ముందు తను బయటపడితే తర్వాత చట్టం సాయంతో బిడ్డను తెచ్చుకోవచ్చనుకుంది. అలా వదిలి వెళ్ళింది, అదేం తల్లి అని తొందరపడి అనకండి. నిప్పంటుకున్న ఇంట్లోంచి బయటికి దూకి, సాయం కోసం కేకలు పెట్టే మనిషిని ఎందుకు దూకావని అడగం కదా.

ఆ ఏడు గడిచేలోగానే జోన్స్ పిల్లవాణ్ణి దేశం దాటించాడు. దక్షిణ అమెరికా ఉత్తర తీరాన గయానా అనే చిన్న దేశం వుంది. తెల్లవాళ్ళ చెరకుతోటల్లో కూలికోసం పందొమ్మిదో శతాబ్దంలో మనవాళ్ళు ఓడలెక్కి వెళ్ళిన దేశాల్లో అదొకటి. మద్రాసు రేవునుంచి వెళ్ళినవారిలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ వున్నారు. ఆ దేశంలో 1974లో జోన్స్ మూడువేల ఎనిమిదివందల ఎకరాలు అడవి కౌలుకు తీసుకున్నాడు. అక్కడ కట్టిన ఊరికి తన పేరే పెట్టుకున్నాడు, జోన్స్‌టౌన్. రాజధాని జార్జిటౌన్‌కు నూటయాభై మైళ్ళు. చుట్టూ అడవి. విమానమో పడవో వుంటేగాని చేరలేరు. 1977 వేసవిలో ఒక పత్రిక తన గుట్టు బయటపెడుతోందని తెలియగానే జోన్స్ కూడా అక్కడికే పారిపోయాడు. వెనకాలే వందల కుటుంబాలు వెళ్ళాయి.

వెళ్ళినవాళ్ళ పాస్‌పోర్టులు తీసి దాచేశారు. ఇంటికి రాసే ఉత్తరాలు చదివిగాని పంపేవాళ్ళు కాదు. వృద్ధులకు అమెరికా ప్రభుత్వం పంపే పింఛను చెక్కులు, నెలకు సుమారు 65,000 డాలర్లు, మందిరం ఖజానాకు పోయేవి. రాత్రీ పగలూ లౌడ్‌స్పీకర్లో జోన్స్ గొంతు. బయటివాళ్ళంతా శత్రువులు, ఏ క్షణాన్నైనా వచ్చి పిల్లల్ని చంపుతారు అని అదే పాట. అప్పుడప్పుడు అర్ధరాత్రి అందర్నీ లేపి, శత్రువుల చేతికి చిక్కేకంటే కలిసి చావడం మేలంటూ ఉత్తుత్తి విషం తాగించి తాలీము చేయించేవాడు. ఈ సంగతి 1978లో తప్పించుకుని వచ్చిన డెబొరా లేటన్ అనే అమ్మాయి ప్రమాణపత్రం మీద రాసిచ్చింది. చదివినవాళ్ళు కొందరు నమ్మలేదు.

ఇక గ్రేస్ సంగతి. 1977లో టిమ్ కూడా బయటపడ్డాడు. దంపతులుగా దూరమైనా బిడ్డకోసం ఇద్దరూ ఒక్కటయ్యారు. కాలిఫోర్నియా కోర్టు బిడ్డను తల్లికి అప్పగించమంది. ఆ ఉత్తర్వు పట్టుకుని 1977 సెప్టెంబరులో వాళ్ళ లాయరు గయానా వెళ్ళాడు. అక్కడి కోర్టూ బిడ్డను హాజరుపరచమని ఆజ్ఞ ఇచ్చింది. ఆ కాగితాన్ని జోన్స్‌టౌన్‌లో గోడకు అంటించారు. జోన్స్ ఏం చేశాడనుకున్నారు? ఊరంతటినీ కత్తులూ కర్రలూ ఇచ్చి కాపలా నిలబెట్టాడు. బిడ్డమీద చెయ్యి వేస్తే మేమందరం చస్తామని రేడియోలో ప్రకటించాడు. ఆరు రోజులు అలాగే నిలబడ్డారు. కోర్టు ఆజ్ఞ అమలు కాలేదు. మరుసటి ఏడు గయానాలో కేసు వింటున్న న్యాయమూర్తి, తనమీద వస్తున్న ఒత్తిళ్ళకు విసిగి ఆ కేసునుంచి తప్పుకున్నాడు.

మన పురాణంలో అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలియదు. జోన్స్‌టౌన్ అలాంటి వ్యూహం. ఒక్క పిల్లవాణ్ణి బయటికి పంపితే చాలు, ఈ తలుపు తెరుచుకుంటుందని మిగతా అందరికీ తెలిసిపోతుంది. ఆ తెలియడమే జోన్స్‌కు భయం. అందుకే జాన్ విక్టర్‌ను పట్టుకుని కూర్చున్నాడు. ముద్దు చేశాడు, నా కొడుకన్నాడు. తండ్రి ఎవరన్న వాదన చివరికీ తేలలేదు. ఆ పసివాడు వందలమందిని కట్టిపడేసిన తాడయ్యాడు.

గ్రేస్‌లాగే పిల్లల్నో, తల్లిదండ్రుల్నో అక్కడ పోగొట్టుకున్నవాళ్ళు ఒక సంఘంగా చేరారు. తలుపు తలుపూ తట్టారు. చివరికి లియో రయాన్ అనే పార్లమెంటు సభ్యుడు, అక్కడ కాంగ్రెసు సభ్యుడంటారు, నేనే వెళ్ళి చూసొస్తాను పదండన్నాడు. కొందరు విలేకరులు, కొందరు బంధువులు వెంట రాగా 1978 నవంబరు 17న జోన్స్‌టౌన్‌లో అడుగుపెట్టాడు. గ్రేస్, టిమ్ కూడా గయానా వచ్చారు కాని, వాళ్ళను జార్జిటౌన్ దాటి రానివ్వలేదు. బిడ్డకు నూటయాభై మైళ్ళ దూరంలో హోటలు గదిలో కూర్చుని ఎదురు చూశారు.

ఆ రాత్రి విందు, పాటలు, నృత్యాలు. అందరి ముఖాలమీదా నవ్వులే. ఇక్కడ అంతా బాగానే వుంది అనుకుంటున్న సమయంలో ఒకతను చాటుగా ఒక చీటీ అందించాడు. మమ్మల్ని ఇక్కడినుంచి బయటపడెయ్యండి అని అందులో వుంది. చీటీ ఇస్తూంటే ఒక చిన్న కుర్రవాడు చూసి, చీటీ ఇచ్చాడు, చీటీ ఇచ్చాడు అని అరిచాడు. పెద్దవాళ్ళ మీద పసివాళ్ళను కాపలా పెట్టిన ఊరది.

తెల్లవారేసరికి మేమూ వస్తాం, మేమూ వస్తాం అని పదిహేను మంది దాకా ముందుకు వచ్చారు. వాళ్ళను వెంటపెట్టుకుని రయాన్ పోర్ట్ కైటుమా అనే చోట చిన్న విమానాల దగ్గరికి చేరాడు. జోన్స్ మనుషులు ట్రాక్టరు మీద వెంటాడి కాల్చారు. రయాన్‌తో పాటు ముగ్గురు పత్రికలవాళ్ళు, ఆ ఊరు వదిలి వస్తున్న ఒక స్త్రీ, మొత్తం ఐదుగురు అక్కడే ప్రాణాలు విడిచారు.

జోన్స్‌టౌన్‌లో ఆ సాయంత్రం జరిగినదాన్ని వివరంగా చెప్పను. పళ్ళరసంలో విషం కలిపారు. ముందు పసిపిల్లలకు పట్టారు. చుట్టూ తుపాకులవాళ్ళు నిలబడ్డారు. ఆ సభ మాటలు టేపుమీద రికార్డయ్యాయి. అంతమందిలో క్రిస్టీన్ మిల్లర్ అనే అరవై ఏళ్ళ స్త్రీ లేచి నిలబడింది. పిల్లలకు బతికే హక్కుంది కదా అని వాదించింది. చుట్టూ వున్నవాళ్ళే కేకలు వేసి ఆమెను కూర్చోబెట్టారు. ఆ రోజు మొత్తం 918 మంది చనిపోయారు. అందులో 300 మందికి పైగా పిల్లలు. ఆరేళ్ళ జాన్ విక్టర్ వాళ్ళలో ఒకడు. మృతుల్లో ఎక్కువమంది నల్లజాతివారు, వారిలోనూ స్త్రీలే ఎక్కువ. పత్రికలు దీన్ని సామూహిక ఆత్మహత్య అని రాశాయి. పాలబుగ్గల పసివాడు ఆత్మహత్య చేసుకుంటాడా అమ్మా? ఆ మాట నేను వాడను.

ఇంతటితో కథ ముగిస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ఆ రోజే ఉదయం ఇంకో బిడ్డ విషయంలో వేరే కథ జరిగింది. లెస్లీ వాగ్నర్ విల్సన్ అని ఇరవై ఏళ్ళు దాటీ దాటని తల్లి. ఆమెకు మూడేళ్ళ కొడుకు. రయాన్ వచ్చిన హడావుడిలో అందరి కళ్ళూ అటువైపు వుండగా, షికారు వెళ్ళి అడవిలో ఫలహారాలు చేసి వస్తామని చెప్పి పదకొండుమంది బయలుదేరారు. లెస్లీ కొడుకును దుప్పటితో వీపుకు కట్టుకుంది. ముప్పై మైళ్ళకు పైగా అడవిలో నడిచారు. బతికారు. వెనక వుండిపోయిన తల్లినీ, తోబుట్టువులనూ ఆమె పోగొట్టుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ నడక గురించి పుస్తకం రాసింది. నవల్లో డిటెక్టివు చేసే పని ఇక్కడ దుప్పటీ, రెండు కాళ్ళూ చేశాయి.

మరి మనకేమిటి, అదెక్కడో అమెరికావాళ్ళ గొడవ అనుకోకండి. గురువులూ, సత్సంగాలూ, ప్రార్థనా కూటాలూ మన పేటల్లోనూ వున్నాయి. వాటిలో నూటికి తొంభైమంది మనశ్శాంతికోసం వెళ్ళి, శాంతిగా ఇంటికి వస్తారు. భక్తి మానుకోమని నేను చెప్పడం లేదు. పిల్లకు సంబంధం వస్తే అటు మూడు తరాలు, ఇటు మూడు తరాలు వాకబు చేస్తాం. చీటీ కట్టేముందు నడిపేవాడి పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీస్తాం. గురువనగానే మాత్రం ఆరా తీయడం పాపమనుకుంటాం. అది సరికాదు. నాలుగు ప్రశ్నలు మనసులో పెట్టుకుందాం.

ఒకటి, డబ్బు లెక్క అడిగితే చెప్తారా, లేక అడిగినందుకే కోప్పడతారా? రెండు, నచ్చకపోతే రేపటినుంచి రానని చెప్పి, నా బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి నడవగలనా? మూడు, మీ అమ్మానాన్నలు, అన్నదమ్ములు, స్నేహితులు నీ శత్రువులని చెప్తున్నారా, ఉత్తరాలూ ఫోన్లూ తగ్గించమంటున్నారా? నాలుగు, ఇంటిమీదో పిల్లలమీదో సంతకం అడుగుతున్నారా? మొదటి మూడింటికి జవాబు ఎలా వున్నా, నాలుగోదానికి అవును అని వస్తే మాత్రం కలం కింద పెట్టేయండి. ఎంత మంచివాడైనా సరే, ఖాళీ కాగితంమీద సంతకం వద్దు. ఇంటికి వెళ్ళి నలుగురితో ఆలోచించి చెప్తాననండి. మంచివాడైతే సరే నంటాడు. కాకపోతే ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

మన బంధువుల్లో ఎవరైనా అలాంటి చోట చిక్కుకుంటే ఏం చెయ్యాలి? నీకు బుద్ధిలేదని దెప్పకూడదు. ఇక మా గడప తొక్కవద్దని అంతకంటే అనకూడదు. అలా అన్నామంటే ఆ గురువు చెప్పిన మాట మనమే నిజం చేసినట్లవుతుంది, మీవాళ్ళు మీకు శత్రువులన్నాడు కదా! పండక్కి పిలవండి. పిల్లల పుట్టినరోజుకు కబురు పెట్టండి. జవాబు రాకపోయినా ఉత్తరం రాయండి. పోట్లాటకు దిగకుండా, ఎప్పుడు వచ్చినా ఈ ఇంట్లో నీకు ఒక మంచం, ఒక కంచం వున్నాయని తెలియనివ్వండి. బయటికి వచ్చేవాళ్ళు ఎక్కడికి పోవాలో తెలియకనే చాలాకాలం లోపల వుండిపోతారు. పిల్లలకు ఆపద వుందని తోస్తే మాత్రం మొహమాటం పనికిరాదు. పోలీసులకు చెప్పండి, పిల్లల సహాయానికి వున్న 1098 నంబరుకు ఫోన్ చెయ్యండి.

ఓక్లండ్ నగరంలో ఒక శ్మశానవాటికలో, అయినవాళ్ళు వచ్చి తీసుకుపోని జోన్స్‌టౌన్ మృతులు నాలుగు వందల మందికి పైగా ఒకేచోట నిద్రపోతున్నారు. చాలాకాలం అక్కడ వాళ్ళ పేర్లయినా లేవు. 2011లో చనిపోయినవాళ్ళందరి పేర్లూ రాతిపలకలమీద చెక్కించారు. వాళ్ళలో ఎక్కువమంది మనలాగే పిల్లలకు ముద్దలు కలిపి పెట్టినవాళ్ళు. రేపు మీ ఎదుటికి ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే ఆ పేర్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి.